పప్పు కార్డు

మొన్న మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చానో లేదో ఫోను మోగింది. ఎవరో అమ్మాయి. "సార్, మీకు క్రెడిట్ కార్డు అప్రూవ్ అయింది సార్. ఎంతైనా వాడుకోండి. నెలకి మినిమమ్ కడితే చాలు సార్!" అంది. మామూలుగా ఇలాంటి ఫోన్లకి చిర్రుబుర్రులాడే మనిషిని నేను. ఆ రోజు మాత్రం పడీ పడీ నవ్వాను. ఆ పిల్ల బెదిరిపోయి ఫోను పెట్టేసింది. నేనేం చేయను! 'మినిమమ్' అన్న మాట వింటే చాలు, దాని వెనకాల మా కడపక్క నడుం మీద చెయ్యేసుకుని నిలబడి కనిపిస్తుంది. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఉండి ఉంటే ఫోను ఆవిడ చేతికే ఇచ్చేవాణ్ణి. ఆ పిల్ల ఈ జన్మలో మళ్లీ కార్డు అమ్మేది కాదు.

నేను ఎనభైల చివర్లో మస్కట్ వెళ్లాను. ఖురంలో ఒక బ్యాంకు బ్రాంచిలో చేరిన కొన్నేళ్లకి కార్డుల సెక్షన్ నాకు అప్పగించారు. అప్పట్లో అక్కడ కార్డంటే కొత్త మోజు. జేబులో ఆ ప్లాస్టిక్ ముక్క ఉన్నవాడు నడిచే తీరే వేరు. నా బల్ల దగ్గరికి వచ్చినవాళ్లంతా ఒకటే అడిగేవాళ్లు, లిమిట్ ఎంత ఇస్తారు అని. ఎక్కువ అంటే మొహం వెలిగిపోయేది, తక్కువ అంటే నేనేదో వాళ్ల ఆస్తి కాజేసినట్టు చూసేవాళ్లు. అందరికంటే తక్కువ లిమిట్ ఉన్న కార్డు కావాలని అడిగిన మనిషి నా సర్వీసు మొత్తంలో ఒక్కతే, కడప నుంచి వచ్చిన మా కడపక్క.

అసలు పేరు నాకు తెలుసు. బ్యాంకు కాగితాల మీద ఎన్నోసార్లు చూశాను. కానీ ఎవరూ ఆవిణ్ణి ఆ పేరుతో పిలవగా వినలేదు. కడప వాళ్లకి అక్క, కరీంనగర్ వాళ్లకి అక్క, చివరికి మా బ్యాంకు గుమ్మం దగ్గర కూర్చునే పఠాన్ వాచ్‌మన్‌కి కూడా అక్కే. పొడుగు మనిషి. నైలెక్స్ చీర, ఎడమచేతికి మగవాళ్ల వాచీ, గోళ్లలో ఎప్పుడూ పసుపు. ఆ గొంతుకి మెల్లగా మాట్లాడటం రాదు. ఏసీ హాల్లో అందరూ గుసగుసగా మాట్లాడుకుంటుంటే ఈవిడ ఒక్క "ఏం నాయనా!" అంటే మేనేజరు గదిలో టీ కప్పు కదిలేది. మనం చెప్పింది నమ్మకపోతే కాదనేది కాదు. గడ్డం కొంచెం పైకెత్తి, "అట్నా?" అనేది. ఆ ఒక్క ముక్కకి నేను చెప్పిందంతా మళ్లీ మొదటి నుంచి సరిచూసుకోవాల్సి వచ్చేది.

మస్కట్‌లోనే ఘుబ్రా అనే పేటలో ఒక ఒమానీ ఇంట్లో వంటకి వచ్చిందట మొదట్లో. ఆ ఇంటావిడని అక్కడి పనివాళ్లందరి లాగే 'మామా' అనేది, మనం అమ్మగారు అన్నట్టు. ఆ మామాకి ఈవిడ చేతివంట తెగ నచ్చింది. విల్లా వెనకాల రెండు గదులు ఇచ్చి, లైసెన్సు తన పేరున తీసి, క్యారియర్ల వ్యాపారం పెట్టించింది. పేరు మామాది, చెమట అక్కది. మన తెలుగువాళ్లు సైట్లలో డ్యూటీ చేస్తూ ఆ క్యారియర్ మూత తియ్యగానే ముందు కాసేపు వాసన చూసి గానీ తినేవాళ్లు కాదని చెప్పుకునేవారు.

మొదటిసారి ఆవిణ్ణి చూసిన రోజు బాగా గుర్తు. కౌంటర్ దగ్గర గుమాస్తా ఒకడు అందరికీ వినబడేలా, "నీకు లెటర్ ఇవ్వం, నువ్వు డిఫాల్టర్‌వి" అని హిందీలో అన్నాడు. హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. ఆవిడ తలవంచుకు వెళ్లిపోతుందనుకున్నాను. తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చింది. నా మొహంలో తెలుగుతనం ఎలా కనిపెట్టిందో మరి.

"డిఫాల్టరంటే ఏంది నాయనా? రోగమా?"

నవ్వాపుకుని, కూర్చోమని, ఫైలు తెప్పించాను. పేరు పక్కన ఎర్ర సిరాతో గీత. తొంభైల మొదట్లో, నేను ఆ సెక్షన్‌కి రాకముందు, ఎవరో కుర్ర సేల్స్‌మన్ మామా ఇచ్చిన జీతం సర్టిఫికెట్ చూసి ఈవిడకి కార్డు అంటగట్టాడు. లిమిట్ మొత్తం ఒక్కసారే వాడేసింది. కొన్నాళ్లు కట్టింది, హఠాత్తుగా మానేసింది.

"ఎందుకు మానేశారక్కా?" అన్నాను.

"మానేసేదేంది? చీటీ అయిపోయె గదా!"

"చీటీ ఏమిటి?"

నా అజ్ఞానానికి జాలిపడి వేళ్లు మడుస్తూ వివరంగా చెప్పింది. "చీటీ ఎట్లుంటాది? పాట పాడతాం. దుడ్డు ఎత్తుకుంటాం. నెలనెలా కంతు కడతాం. ఇరవై నెలల చీటీ ఇరవై నెలలకి అయిపోతాది. ఈళ్లు కార్డిచ్చినారు. నేను ఒక్కసారే ఎత్తుకున్నా. పెద్ద పొయ్యిలు, గుండిగలు కొన్నా. బిల్లు మీద మినిమమ్ అని ఎంత రాస్తే అంత కట్టినా. ఒక్క కంతు తప్పల్యా. ఇరవై నెలలాయె, నిలిపేసినా. తప్పు యాడుంది?"

ఇంతకంటే న్యాయంగా ఎవరు వాదించగలరు! మన ఊళ్లలో ఎవరికైనా అప్పంటే తెలిసింది వడ్డీ వ్యాపారి, లేకపోతే చీటీ. మధ్యలో ఈ మూడో జంతువు ఒకటుందని ఎవరు చెప్పారు ఆవిడకి? మినిమమ్ అంటే కంతు కాదని, ఆ కట్టిన దాంట్లో చాలావరకు వడ్డీకే పోయిందని, అసలు చెక్కుచెదరలేదని చెప్పాను. గడ్డం పైకెత్తింది. "అట్నా?" అంది. నేను ఫైల్లో లెక్క చూపించాను. అంకెల మీద వేలు పెట్టి వరసగా చూసుకుంటూ పోయింది. తర్వాత, "అయితే ఇన్నాళ్లూ నేను పాముకి పాలు పోసినానన్న మాట" అంది.

నిజానికి ఆ బాకీ ఎందుకో తెలియకపోయినా ఎప్పుడో తీర్చేసింది. బ్యాంకు మనుషులు ఘుబ్రా వెళ్లి గొడవ చేస్తే, మామా ముందు మాట పడటం ఇష్టం లేక చేతి గాజులమ్మి మొత్తం కట్టేసింది. అప్పు పోయింది గానీ ఎర్రగీత పోలేదు. అదే ఇప్పుడు ప్రాణం మీదికి వచ్చింది. కొండ అవతల అమెరాత్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ కొత్తగా లేబర్ క్యాంపు కడుతోంది. ఉండబోయేవాళ్లలో సగం మంది తెలంగాణ వాళ్లు. అక్కడి మెస్ ఈవిడకే ఇస్తామన్నారు, కానీ వంటశాల నడిపే మనిషికి బ్యాంకులో మంచి పేరుందని కాగితం తెమ్మన్నారు. క్యాంపు కట్టడం పూర్తయ్యేలోగా తేవాలి. లేకపోతే మెస్ వేరేవాళ్లకి పోతుంది. మామా కూడా తెగేసి చెప్పిందట, లైసెన్సు వరకు నాది, నీ పేరు నువ్వే బాగుచేసుకో అని.

"క్యారియర్లు మోసి మోసి మోకాళ్లు పోయినాయి నాయనా. అది వస్తే నా పొయ్యి ఒక చోట నిలబడతాది. జెప్పు, ఏం జేయాల?"

కార్డుతో పోయిన పేరు కార్డుతోనే రావాలి, అన్నాను. కొంత డబ్బు బ్యాంకులో డిపాజిట్ చేస్తే దాని పూచీ మీద చిన్న కార్డు ఇస్తాం, దాన్ని ఒద్దికగా వాడి, ప్రతి బిల్లూ గడువులోపల పూర్తిగా కడితే, ఏడాదికి మేనేజరు ఎర్రగీత తీసేయొచ్చు.

"ఉండుండు. నా దుడ్డు తాకట్టు పెట్టుకొని నాకే అప్పిస్తాడా మీ బ్యాంకోడు?"

"అంతేనక్కా."

"మా ఊరి వడ్డీ రెడ్డికి గూడా ఇంత తెలివి ల్యాకపాయెనే!" అని హాలంతా దద్దరిల్లేలా నవ్వింది.

వారం తర్వాత వచ్చి నా బల్ల మీద రంగురంగుల కాగితాలు కుమ్మరించింది. ఖురంలో ఉన్న బ్యాంకులన్నీ తిరిగి కార్డుల కరపత్రాలు ఏరుకొచ్చింది. ఒక్కోటీ తీసి అటు తిప్పి ఇటు తిప్పి, సంతలో వంకాయ చూసినట్టు చూస్తూ, "దీంట్లో పుచ్చు యాడుంది?" అని అడగడం మొదలుపెట్టింది. ఇది ఏడాదికోసారి ఫీజు లాగుతుంది. ఇది మొదటి ఆర్నెల్లు నవ్వి తర్వాత కరుస్తుంది. ఇది బంగారు రంగు కార్డు, విమానాశ్రయంలో సోఫా మీద కూర్చోనిస్తారు. "నాకేం సోఫాతో పని!" అని దాన్ని పక్కన పడేసింది. ఆఖరికి మా బ్యాంకుది చేతిలోకి తీసుకుంది.

"నీ వంకాయలో పుచ్చు?"

నా ఉద్యోగం కార్డులు అమ్మడం. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, ఒక్కరోజు ఆలస్యమైతే మావాళ్లు వేసే జరిమానా సంగతి, కార్డు మీద నగదు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ పడే సంగతి చెప్పాను.

"పుచ్చు లేని వంకాయ ఉండదు నాయనా. యాడుందో తెలిస్తే అంతవరకు కోసి పారేయొచ్చు. నీ పుచ్చు నువ్వే జూపిస్తివి, నీ కార్డే ఇయ్యి. లిమిట్ మాత్రం అన్నిటికంటే తక్కువ పెట్టు" అంది. ఆ మాటకి నాకు నిజంగా కన్ను చెమర్చింది. సంతకం పెట్టించే నెపంతో తల దించుకున్నాను.

ఆ కార్డుని ఆవిడ కాపరానికి తెచ్చుకున్న తీరు చెబితే మీరు నమ్మరు. కార్డు ఒక ప్లాస్టిక్ కవర్లో చుట్టి కందిపప్పు డబ్బాలో అడుగున పాతేసింది. కావాలంటే మోచేతి దాకా పప్పులో చెయ్యి ముంచి వెతకాలి. "ఆ వెతికేలోపల బుద్ధి వస్తాది" అనేది. ఆ కార్డు మీద కొనేది కూడా ఒక్క కందిపప్పే. ఇంకేదీ కాదు. అప్పు చేసి పప్పు కూడు తినకూడదని మనవాళ్లు చిన్నప్పట్నుంచీ చెబుతారు కదా, ఈవిడ సరిగ్గా అదే పని పెట్టుకుంది. "అప్పు జేస్తా, పప్పు కూడే పెడతా, పేరు గూడా తెచ్చుకుంటా. జూడు నువ్వు" అని నాతో పందెం కాసినట్టు చెప్పింది. కార్డు బోణీకి మంచి రోజు చూసుకుని, నన్ను వెంటబెట్టుకుని సూపర్‌మార్కెట్‌కి వెళ్లింది. కేరళ క్యాషియర్ కార్డుని మెషీన్లో పెట్టి పైన కాగితం పరిచి పిడి అటూ ఇటూ 'కర్రు'మని లాగేసరికి, "మెల్లగా గీకప్పా, పేరు అరిగిపోతాది!" అని ఒక్క కేక వేసింది.

కష్టమల్లా తర్వాత వచ్చింది. పప్పు కొన్న మర్నాడే డబ్బు పట్టుకుని బ్యాంకుకి వచ్చేసేది. బిల్లు రాలేదక్కా అంటే, "బిల్లు రాకపోతే ఏమి, పప్పు ఉడికిపాయె గదా!" అనేది. తిన్నదానికి డబ్బు చేతిలో ఉంచుకుంటే ఆవిడకి ముద్ద దిగదు. రెండు మూడు నెలలు ఇలాగే నడిచింది. ఒకరోజు మా మేనేజరు ఆ కాగితాలు చూసి పెదవి విరిచాడు. బిల్లులన్నీ సున్నా. ఈవిడ కార్డు వాడుతున్నట్టే లేదు, దేన్ని చూసి మంచి పేరు ఇమ్మంటావు అన్నాడు. అమెరాత్‌లో గోడలు లేస్తున్నాయి.

ఇంక నాకు ఒళ్లు మండింది. ఆవిణ్ణి కూర్చోబెట్టి గట్టిగానే చెప్పాను. "అక్కా, మీరు అప్పు తీరుస్తున్నారు గానీ, అప్పు పడటం లేదు. అప్పు కాగితం మీదకి రావాలి, తర్వాత గడువులోపల తీరాలి. రెండూ కనిపిస్తేనే పేరు."

"అంటే బిల్లు వచ్చేదాకా ఆ అప్పు నెత్తిన బెట్టుకొని పండుకోవాల్నా?"

"పడుకోవాలి."

"నిద్ర పట్టదు గదా నాయనా!"

"పట్టకపోయినా సరే."

అంతటి మనిషి చిన్నపిల్లలా మొహం పెట్టింది. మొదటిసారి చేసిన అప్పు తెలియక చేసింది, కాబట్టి హాయిగా నిద్రపోయింది. ఈసారి తెలిసి చెయ్యాలి. ఆ నెల నుంచి పప్పు కొన్న రోజే ఆ డబ్బు విడిగా ఒక గుడ్డలో ముడివేసి దేవుడి పటం వెనక పెట్టుకునేదట. బిల్లు వచ్చిన రోజు ముడి విప్పకుండానే తెచ్చి కౌంటర్ మీద పెట్టేది. మా గుమాస్తా ఆ ముడి విప్పలేక నానా తంటాలూ పడుతుంటే పక్కన నిలబడి చోద్యం చూసేది.

కార్డుంది అన్న సంగతి ఎంతసేపు దాగుతుంది! ఒక శుక్రవారం నేను ఘుబ్రాలో ఆవిడ దగ్గర భోంచేస్తుండగా ఒకాయన వచ్చాడు. నిజామాబాద్ వైపు మేస్త్రీ, పాత ఖాతాదారు. సెలవు మీద ఊరికి పోతున్నాడు.

"అక్కా, నీ కార్డొకసారి ఇయ్యరాదె. టూ ఇన్ వన్ టేప్‌రికార్డర్ ఒకటి కొనుక్కుంట. జీతం రాంగనే పైసలు ఇచ్చేస్త, ఒట్టు."

"నాయనా, అది పప్పు కార్డు. దాంతో పప్పే వస్తాది. టూ ఇన్ వన్ రాదు."

"గదేందక్కా, కార్డంటె అన్నీ వస్తయ్ కదా?"

"నీ కార్డుకి వస్తాయేమో. నా కార్డుకి పప్పే వస్తాది. కూసో, పెడతా."

ఆయన నోరెళ్లబెట్టి నా వైపు చూశాడు. బ్యాంకు మనిషిని కదా, అవునన్నట్టు తలూపాను. పాపం నిజమేననుకుని కూర్చుని రెండుసార్లు పప్పు వేయించుకుని తిని వెళ్లాడు. అప్పట్నుంచీ క్యారియర్లు వెళ్లే రూములన్నిటిలో దాని పేరు పప్పు కార్డే అయింది. ఆ తర్వాత దాన్ని అరువడిగినవాడు లేడు.

ఏడాది తిరిగింది. ఒక్క బిల్లు ఆలస్యం కాలేదు, ఒక్క బైసా, అంటే అక్కడి పైసా, బాకీ మిగల్లేదు. క్యాంపు గదులకి రంగులు వేస్తున్నారని కబురొచ్చింది. ఫైలు పట్టుకుని నేనే మేనేజరు గదిలోకి వెళ్లాను. సూరత్ పెద్దమనిషి, అద్దాలు సవరించుకుని అన్ని బిల్లులూ తిరగేశాడు. "ఈవిడ పప్పు తప్ప ఏమీ తినదా?" అన్నాడు. తర్వాత కలం తీసి ఎర్రగీత పక్కన 'రద్దు' అని రాసి సంతకం చేశాడు. ఉత్తరం టైపు చేయించాడు. పైగా బంగారు రంగు కార్డు కూడా ఇద్దామన్నాడు. కబురు పెడితే వచ్చిన అక్క దాన్ని వద్దంది. ఉత్తరం మాత్రం నా చేతికిచ్చి చదవమంది.

ఖాతా నడవడి సంతృప్తికరం, బ్యాంకు దృష్టిలో మంచి పేరుగల ఖాతాదారు అని చదివి చెప్పాను.

"అంటే పాసా?"

"ఫస్ట్ క్లాసక్కా!"

అంతే, లేచింది. ఉత్తరం పట్టుకుని హాలు మధ్యకి నడిచి, కౌంటర్ ముందు నిలబడి, తనకొచ్చిన హిందీ అంతా కూడదీసుకుని, "ఆ రోజు అందరి ముందర చెప్పినావే, ఇప్పుడు గూడా అందరి ముందర చెప్పు" అని గుమాస్తాని అడిగింది. వాడు రిజిస్టర్లో తల దూర్చాడు. హాలు నిండా జనం. గదిలోంచి మేనేజరే బయటికి వచ్చాడు. ఏమనుకున్నాడో ఏమో, ఉత్తరం తీసుకుని పెద్దగా చదివాడు, ఇంగ్లీషులో ఒకసారి, హిందీలో ఒకసారి. వరసలో నిలబడ్డ ఒక ఒమానీ ముసలాయన "మబ్రూక్, మబ్రూక్" అంటూ చప్పట్లు కొట్టాడు. అభినందనలమ్మా అని అర్థం. చూస్తుండగానే అందరూ కొట్టారు. నేను కుర్చీలోంచి లేచి నిలబడి మరీ కొట్టాను. నా ఉద్యోగంలో అంత గర్వపడిన రోజు మరొకటి లేదు. ఆవిడ అందరికీ రెండు చేతులూ జోడించింది, కళ్లనీళ్లు తుడుచుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

మెస్ ఆవిడకే వచ్చింది. మొదటి శుక్రవారం నన్ను భోజనానికి రమ్మంది. కొండ దారి ఎక్కి దిగి అమెరాత్ చేరేసరికి రేకుల షెడ్డులో పొయ్యిలు ఆవిరి కక్కుతున్నాయి. అక్క గరిటె పట్టుకుని మహారాణిలా నిలబడి ఉంది. మెస్ డబ్బు ఎవరి జీతంలోంచి వాళ్లు నెలనెలా కట్టుకోవాలి. జగిత్యాల నుంచి కొత్తగా దిగిన బ్యాచి ఒకటి తలుపు దగ్గరే ఆగిపోయింది. వాళ్లకి మొదటి జీతం రావడానికి ఇంకా నెల పైనే ఉంది. వాళ్లలో నడివయసు తాపీమేస్త్రీ ఒకాయన మొహమాటపడుతూ ముందుకొచ్చాడు.

"అక్కా, మా దగ్గర ఇప్పుడు పైసలు లెవ్వు. ఖాతా పెడతవా? తాకట్టు పెట్టెతందుకు గూడ ఏం తేలే మేము."

ఆవిడ గరిటె ఆపి ఆయన్ని తేరిపార చూసింది.

"పేరు జెప్పు."

ఆయన చెప్పాడు.

"ఆకలైతాందా?"

"అయితుందక్కా."

"ఆ రెండూ జాలు నాకు. కూసోండి అందరూ" అని పళ్లాలు తీసి వరసగా పరిచింది. చివరి పళ్లెం నాకిచ్చి, "నువ్వు గూడా కూసో నాయనా. ఈడ నేనే బ్యాంకు" అంది.